పొద్దుటి ప్రశ్న

పోయిన వారం షబ్రీన్‌ని చర్ల రోడ్డు మీద కల్వర్టు గోడకు ఆనించి కూర్చోబెట్టి, మన దారిన మనం వచ్చేశాం. ఇదేం మర్యాద అని ఇద్దరు ముగ్గురు పాఠకులు ఫోన్ చేసి మరీ చీవాట్లు పెట్టారు. న్యాయమే. అయితే ఆ పిల్ల అక్కడ ఎందుకు కూలబడిందో ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లకు కూడా తెలియాలి కదా, అందుకని రెండు ముక్కల్లో చెప్పేసి మళ్లీ ఆ కల్వర్టు దగ్గరికే వెళదాం.

భద్రాచలంలో ఆటోలకు, జీపులకు సీట్లు కుట్టే సిరాజుద్దీన్ కూతురు షబ్రీన్. సైకిల్ రేసుల్లో జిల్లాకు పేరు తెచ్చిన పిల్ల. కిందటేడు వానల్లో డెంగీ వచ్చింది. డెంగీ అయితే తగ్గింది కానీ పోతూ పోతూ గుండె కండరానికి వాపు తెచ్చిపెట్టి పోయింది. ఆరు నెలలు సైకిల్ ముట్టుకోవద్దని ఖమ్మం డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టవచ్చుననీ, గుండె దడదడలాడినా, కళ్లు తిరిగినా అక్కడికక్కడ ఆపెయ్యాలనీ అన్నాడు. అప్పుడు కోచ్ శివకుమార్ ఆమె ఫోన్‌లో ఒక యాప్ వేసి ఇచ్చాడు. ఛాతీకి కట్టుకునే పట్టీ గుండె చప్పుడును ఆ యాప్‌కు చేరవేస్తుంది. ఒంట్లో ఎలా ఉందో చూసుకుని రేపు ఎంత తొక్కాలో యాపే నిర్ణయిస్తుంది. బాగుంటే పెంచుతుంది, బాగాలేకపోతే తగ్గిస్తుంది. అది వారం వారం పెంచుకుంటూ వచ్చిందే తప్ప ఒక్కసారీ తగ్గించలేదు. షబ్రీన్ దాన్ని డాక్టరు కన్నా ఎక్కువగా నమ్మింది. వచ్చే ఆదివారం ఖమ్మంలో, బోనకల్ రోడ్డు మీద, రాష్ట్ర జట్టుకు ఎంపిక. ఆమె వయసుకు ఆ జట్టులో ఇదే ఆఖరి అవకాశం.

ఇదీ సంగతి. ఇక కల్వర్టు.

గుండె గబగబా కొట్టుకుంటే భయపడే పిల్ల కాదు షబ్రీన్. గుండె అలా కొట్టుకోవడం కోసమే కదా ఇన్నేళ్లు సైకిల్ తొక్కింది. ఇది వేరు. రెండు మూడు దెబ్బలు తొందర తొందరగా కొట్టుకుని, ఒకటి మానేసి, ఆ మానేసినదానికి బదులుగా ఒక్కటి గట్టిగా కొడుతోంది. ఆ మానేసిన చోట షబ్రీన్‌కు ప్రపంచమంతా ఆగినట్టవుతోంది. మళ్లీ కొడుతుందా కొట్టదా అని ఊపిరి బిగబట్టి వినడం తప్ప ఆమె చేయగలిగింది ఏమీ లేదు. రోడ్డుకు ఒక పక్క మిర్చి తోట, ఇంకో పక్క అడవి. వెనక్కి చూస్తే ఎవరూ లేరు, ముందుకు చూస్తే ఎవరూ లేరు. ఫోన్‌లో సిగ్నల్ కూడా లేదు.

పక్కన పడి ఉన్న సైకిల్ మీద ఆ ఫోన్ మాత్రం మాట్లాడుతూనే ఉంది. దానికి సిగ్నల్‌తో పనిలేదు. ఆ రోజు పాఠం ముందే దించుకుని పెట్టుకుంది. "గుడ్ జాబ్. కీప్ పుషింగ్," అని ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఉత్సాహంగా చెబుతోంది. ఆ గొంతు వింటే షబ్రీన్‌కు ఏడుపొచ్చింది. చెయ్యి చాచి ఆపేద్దామనుకుంది కానీ చెయ్యి కదిపితే గుండె ఏమంటుందో అని కదపలేదు.

పత్తి ఏరడానికి వెళుతున్న ఒక కోయ ఆమె కాసేపటికి అటుగా వచ్చింది. పేరు పూలి అని తర్వాత తెలిసింది. ముందు సైకిల్‌ని చూసింది, తర్వాత మనిషిని చూసింది, చంకలోని సంచి కింద పెట్టింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. మంచిగనే ఉన్న," అంది షబ్రీన్.

"మంచిగున్నోళ్లు రోడ్డు మీద కూసుంటరా గిట్ల? మొకం సూడు, సున్నం కొట్టినట్టున్నది."

పూలి నీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చింది. తానూ పక్కనే కూర్చుంది. ఇంకేమీ అడగలేదు. కూలికి ఆలస్యమవుతుందని తెలిసినా లేవలేదు. ఒక మనిషి పక్కన కూర్చుంటే ఎంత ధైర్యమో షబ్రీన్‌కు ఆ పూట తెలిసింది. గుండె నెమ్మదిగా దారికొచ్చింది. దారికొచ్చిందని నమ్మడానికి మాత్రం ఆమెకు ధైర్యం చాలలేదు.

చర్ల నుంచి వస్తున్న వీరన్న ఆటోను పూలియే ఆపింది. సైకిల్‌ని పైన కట్టి, షబ్రీన్‌ని వెనక కూర్చోబెట్టాక వీరన్న ఆమె ముఖంలోకి పరీక్షగా చూశాడు.

"నువ్వు సిరాజ్ భాయ్ బిడ్డవు గద. ఈ సీటు గూడ మీ నాయిన కుట్టిందే. ఏమైంది?"

"ఏం కాలే అన్నా. ఎండ దెబ్బ. అబ్బాకు చెప్పకు."

మంచు కూడా సరిగ్గా విడవని పొద్దున ఎండ దెబ్బ ఏమిటని వీరన్న అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

*

ఇంటికి వచ్చేసరికి తల్లి ఫజిలత్ వంటింట్లో రొట్టెలు చేస్తోంది.

"ఎట్లయింది బేటీ ఈ పొద్దు?"

"మంచిగనే అయింది అమ్మీ."

అంతే. ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు ఆ జవాబే. షబ్రీన్ స్నానం చేసి పడుకుంది. ఎడమ పక్కకు తిరిగితే దిండులోంచి గుండె వినబడుతోంది. కుడి పక్కకు తిరిగితే వినబడటం లేదు, అదింకా భయంగా ఉంది. వెల్లకిలా పడుకుని ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయింది.

ఎందుకు చెప్పలేదు అని మీరు అడుగుతారు. చెబితే ఆదివారం పోతుంది. అది ఒక కారణం. అసలు కారణం అది కాదు. చెబితే జబ్బు ఉన్నట్టవుతుంది. ఆ ఆసుపత్రి మంచం, పక్క మంచం మీద తెల్లవారేసరికి లేకుండా పోయిన ముసలావిడ, రాత్రిళ్లు గోడకు తల ఆనించుకుని నిద్రపోయిన తండ్రి, ఇవన్నీ అయిపోయాయని ఆమె నమ్మింది. అయిపోయాయని యాప్ రోజూ చెబుతోంది. పచ్చరంగు గుండ్రటి బొమ్మలో "రెడీ" అని చూపిస్తోంది. యాప్ మాట నిజమైతే కల్వర్టు దగ్గర జరిగింది వట్టి భయం. కల్వర్టు దగ్గర జరిగింది నిజమైతే యాప్ అబద్ధం చెబుతోంది. ఒక మిషన్‌కు అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంటుంది?

సాయంత్రం ఆమె శివకుమార్‌కు ఫోన్ చేసింది. ఆయన కొత్తగూడెంలో బొగ్గుగని ఉద్యోగి. షిఫ్టు దిగి స్నానం చేసి, పిల్లలకు సైకిల్ నేర్పడానికి గ్రౌండుకు వెళతాడు. షబ్రీన్ లెక్కలు ఏ రోజువి ఆ రోజు ఆయన కంప్యూటర్లో కనబడతాయి.

"ఈ పొద్దు నడుమల ఆపేసినవ్. చూసిన," అన్నాడు ఆమె నోరు విప్పకముందే. "టైరు పోయిందా?"

"లేదు సార్. గుండె జర అదో తీరుగ కొట్టుకున్నది."

అవతల మౌసు నొక్కిన చప్పుడు వినబడింది.

"శానాసేపా?"

"లేదు. కొద్దిగంతే," అంది షబ్రీన్. ఇది మూడో అబద్ధమో నాలుగోదో ఆమెకే లెక్క తప్పింది.

"భయపడ్డవ్. రోగం నుంచి లేసినోళ్లకు ఉంటది ఆ భయం. మా దోస్తు ఒకతను గనిల రూఫ్ కూలి బతికి బయటపడ్డడు. ఏడాదిదాక ఇంట్ల ఫ్యాన్ కింద గూడ కూసోలే. నీదీ గంతే. బాడీ మంచిగున్నది షబ్రీన్. నీ లెక్కలన్ని నా ముందల ఉన్నయ్."

"లెక్కల్ల ఏమీ తేడా లేదా సార్?"

"పట్టీ ఒక్కదాన్నే చూస్తే కొంచెం ఉన్నది. మొదటి కంటె ఎక్కువ కొట్టుకుంటున్నది గుండె. గది ఒక్కటే అయితే నేనే తగ్గించమందు. కానీ రోజు పొద్దున యాప్‌ల నువ్వే పెడుతున్నవ్ గద, ఫుల్ ఫ్రెష్ అని. గుండె ఎక్కువ కొట్టుకున్నా మనిషి తెల్లారి ఫ్రెష్‌గ లేస్తున్నదంటే, కష్టాన్ని తట్టుకుంటున్నదని అర్థం. గందుకే యాప్ పెంచుతున్నది."

షబ్రీన్ మంచం మీద లేచి కూర్చుంది.

"నేనేం పెడుత లేను సార్."

"ఏంది?"

"పొద్దున అది నన్నేం అడగది. మొదట్ల అడిగేది. పట్టీ కొన్నంక అడుగుడు బంద్ చేసింది."

"బంద్ చేసుడేంది. రోజు అడుగుతది. రోజు జవాబు వస్తున్నది నాకు. ఈ పొద్దు గూడ వచ్చింది, తెల్లారకముందే."

"నేను నొక్కలే సార్."

"మరెవరు నొక్కిన్రు?" అన్నాడు శివకుమార్. తర్వాత ఆమెకు ధైర్యం చెబుదామని కాబోలు, నవ్వాడు. "నిద్రల నొక్కుతున్నవేమో చూసుకో. రేపు మాత్రం సరిగ్గ చూసి పెట్టు. ఆదివారానికి నీ పేరు ఇచ్చేసిన, మర్చిపోకు."

ఫోన్ పెట్టేశాక కూడా షబ్రీన్ ఎదుటి గోడ వంకే చూస్తూ కూర్చుంది. తన గుండె ఎలా ఉందో తనకు తెలియకుండా ఎవరో చెబుతున్నారు. రోజూ, తెల్లవారకముందు, తను కళ్లు తెరవకముందు. ఇంట్లో దొంగ పడ్డాడంటే సామాను చూసుకుంటాం. ఇక్కడ పోయిందేమిటో ఆమెకు ఇంకా తెలియదు. ఆదివారం తన పక్కన నిలబడే పిల్లల పేర్లన్నీ మనసులో తిప్పుకుంది. నా పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? నేను రోడ్డు మీద పడిపోతే ఎవరికి లాభం? చీకటి పడేలోపు ఆమె అనుమానించని మనిషి లేడు. పాపం శివకుమార్‌ని కూడా వదల్లేదు.

ఫోన్ ఎప్పటిలాగే ముందు గదిలో గూట్లో చార్జింగ్‌కు పెట్టింది. ఎదురుగా పరుపు వేసుకుని పడుకుంది. నిద్ర పట్టడానికి భయం, పట్టకపోతే గుండెకు మంచిది కాదని మరో భయం. ఎప్పుడో కన్నంటుకుంది.

*

ఫోన్ అలారంలోంచి అజాన్ మొదలవగానే షబ్రీన్‌కు మెలకువ వచ్చింది. కదలకుండా పడుకుంది. పరదా పక్కకు జరిగింది. అడుగుల చప్పుడు గూటి దాకా వచ్చి ఆగింది. అలారం ఆగిపోయింది. ఒక చెయ్యి ఫోన్‌ను చార్జర్ నుంచి తీసింది.

ఆ చేతి గాజులు షబ్రీన్‌కు తెలుసు.

తల్లి పెరట్లోకి వెళ్లి ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని వచ్చి, మూలన చాప పరుచుకుని నమాజు చేసుకోవడం ఆమె రెప్పల సందులోంచి చూసింది. నమాజు అయ్యాక ఫజిలత్ చాప మీదే కూర్చుని ఫోన్ ఒళ్లోకి తీసుకుంది. పెదవులు కదిలాయి. దువా చదివి, జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద ఊదినట్టు ఫోన్ అద్దం మీద మెల్లగా ఊదింది. తర్వాత చూపుడు వేలు చాచింది.

"అమ్మీ."

ఫజిలత్ ఉలిక్కిపడింది. వేలు అప్పటికే పని ముగించింది. ఆమె ముఖం మీద పచ్చటి వెలుగు పడింది.

"ఏం నొక్కినవ్ అమ్మీ?"

"లేసినవా? ఇంకా చీకటే ఉన్నది, పండుకో."

"ఏం నొక్కినవ్?"

"ఏం లేదు బేటీ. అలారం బంద్ చేసిన."

షబ్రీన్ లేచి వచ్చి తల్లి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. పచ్చని గుండ్రటి బొమ్మ. రెడీ. యాప్‌లో ఏది ఎక్కడుందో వెతుక్కుంది. పొద్దుటి జవాబులన్నీ ఒకచోట ఉన్నాయి. వేలితో పైకి తోసుకుంటూ పోయింది. నిన్న నవ్వే ముఖం. మొన్న నవ్వే ముఖం. ఆ ముందు రోజూ, ఆ ముందు వారమూ నవ్వే ముఖమే. ఆయాసంతో మెట్ల మీద కూలబడిన రోజు కూడా నవ్వే ముఖం. తోసిన కొద్దీ నవ్వుతూ వస్తూనే ఉన్నాయి.

"ఎప్పటిసంది నొక్కుతున్నవ్ ఇది?"

"నా ఫోన్ బ్యాటరీ ఉబ్బినప్పటిసంది, నువ్వు ఆ పట్టీ కొన్న దినాలల్లనే. నువ్వే గద అన్నవ్, నమాజు అలారం నీ ఫోన్ల పెడతనని. అలారం బంద్ చేయంగనే వస్తయ్ మొకాలు. నవ్వేది ఒకటి, ఏడ్సేది ఒకటి, నడుమల ఇంకొన్ని. మీద నీ పేరుంటది. దవాఖానా కాయితాల మీద చూసి చూసి నీ పేరు గుర్తువడత నేను."

"అది ఏం అడుగుతున్నదో తెల్సా నీకు?"

"ఎందుకు తెల్వదు? నా బిడ్డ ఎట్లున్నదని అడుగుతున్నది."

"తెల్సి నొక్కినవా?"

"తెల్సే నొక్కిన," అంది ఫజిలత్. ఆ గొంతులో తప్పు చేసిన బెదురు లేదు. అందుకే షబ్రీన్‌కు ఎక్కువ భయం వేసింది. "నా బిడ్డ ఎట్లున్నదని ఎవలన్న అడిగితే నేనేమంట? అల్హమ్దులిల్లా, మంచిగున్నదంట. ఏడ్సే మొకం మీద ఏలు పెడతనా? నీకు మళ్ల రోగం రావాలని నా చేతితోని నేనే రాసుకుంటనా? పొద్దుగాల పొద్దుగాల, నమాజు చదివిన ఏలితోని?"

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి, లేకపోతే మీరు ఫజిలత్‌ని తప్పుగా అనుకుంటారు. ఆ ఇంట్లో "ఎట్లున్నవ్" అనేది జవాబు కోసం అడిగే మాట కాదు. ఫజిలత్‌కు కిడ్నీలో రాయి పడి మెలికలు తిరుగుతున్నప్పుడు కూడా గుమ్మంలోకొచ్చిన పక్కింటామెకు మంచిగున్న అనే చెప్పింది. దుకాణం మూతపడి కూర్చున్న నెలల్లో సిరాజుద్దీన్ కూడా అందరికీ అదే చెప్పాడు. అన్నీ ఇచ్చిన పైవాడి మీద ఫిర్యాదు చెయ్యకూడదని ఆమెకు పుట్టింట్లో నేర్పారు, ఆమె కూతురికి నేర్పింది. అది మంచి మర్యాద. మనుషులతో అయితే ఇబ్బంది ఉండదు. ముఖం చూసి, గొంతు విని, మంచిగుందన్న మాటలో ఎంత మంచి ఉందో ఎదుటివాళ్లు తెలుసుకుంటారు. పూలి అలాగే తెలుసుకుంది. ఫోన్‌కు ముఖం చూడటం తెలియదు. నొక్కిందే నమ్ముతుంది.

"అమ్మీ, అది పరామర్శకు రాలే," అంది షబ్రీన్. అరవాలని ఉంది కానీ గుండెకు భయపడి మెల్లగా అంది. "నువ్వు నవ్వే మొకం నొక్కినప్పుడల్లా, ఈ పిల్లకు బలం బాగున్నది, ఇంకా తొక్కించొచ్చని అనుకున్నది. ఇంకో గుట్ట ఎక్కించింది. నాకు చేతగాక పడిపోయిన రోజు గూడ నువ్వు నొక్కినవ్. తెల్లారి ఇంకా పెంచింది. నేను ఆ పచ్చరంగు చూసి, నాకేం కాలేదు, నేనే పిరికిదాన్నయిన అనుకుంట తొక్కిన."

ఫజిలత్ ముఖంలో రంగు కొంచెం కొంచెంగా పోయింది.

"నిన్న చర్ల తొవ్వల పడిపోయిన అమ్మీ. గుండె ఆగుతున్నది, మళ్ల కొడుతున్నది. ఎవ్వరు లేరు. చచ్చిపోత అనుకున్న."

"మంచిగనే అయింది అన్నవ్ నిన్న."

"అవ్. అన్న."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఫజిలత్ చాప మీద నుంచి లేవబోయి లేవలేక, కూతురి చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"అయితే ఇప్పుడు చెప్పు. నిజం చెప్పు బిడ్డా. ఎట్లున్నది నీకు?"

"మంచిగ..." అంది షబ్రీన్. ఆ మాట తనంతట తానే నోట్లోంచి వచ్చేసింది. సగంలో ఆపింది.

ఆపేశాక ఆమెకు ఇంకోటి గుర్తొచ్చింది. చివరిసారి ఖమ్మం వెళ్లినప్పుడు డాక్టరు కూడా ఇదే అడిగాడు. ఎలా ఉందమ్మా, ఆయాసం ఏమన్నా వస్తోందా అన్నాడు. మంచిగున్న సార్ అంది తను. పక్కన కూర్చున్న తల్లి కూడా మంచిగున్నది సార్ అంది. బయట జనం చాలామంది ఉన్నారు. ఆయన సరేనని తల ఊపి సైకిల్ తొక్కవచ్చన్నాడు. అంటే ఆయన ఇచ్చిన అనుమతి కూడా ఈ నవ్వే ముఖం మీదే నిలబడి ఉంది. తప్పు అమ్మది ఒక్కదానిదే అనుకుని కోప్పడటం ఎంతో సులువుగా ఉండేది. ఆ సులువు కూడా పోయింది.

"మంచిగ లేదు అమ్మీ," అంది. "శానా రోజులసంది మంచిగ లేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తున్నది. పండుకుంటే దగ్గొస్తున్నది. నేను ఎవ్వరికి చెప్పలే."

ఆ మాటలు ఆ ఇంటి గోడలు ఎప్పుడూ విని ఉండవు. ఫజిలత్ ఏడవలేదు. కూతురి ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది. చూపు ఎక్కడో పెట్టి, చేతితో వింటున్నట్టు కూర్చుంది. కొట్టుకుంది. కొట్టుకుంది. మానేసింది. ఫజిలత్ ఊపిరి కూడా అక్కడే ఆగిపోయింది. అరచేతి కింద మళ్లీ ఒక్కటి గట్టిగా తగిలేదాకా ఆమె ఊపిరి తీసుకోలేదు.

"ఏమండి, లేవండి," అని లోపలి గదిలోకి పిలిచింది. "జల్దీ లేవండి. పిల్లను దవాఖానాకు తీస్కపోవాలె."

*

సిరాజుద్దీన్ చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పుగా పెట్టుకున్నాడు. తలుపు తాళం మరిచిపోయి వీధి చివరిదాకా పరుగెత్తాడు. దొరికింది వీరన్న ఆటోనే. వెనక సీట్లో తల్లి ఒడిలో తల పెట్టుకున్న షబ్రీన్‌ని చూడగానే వీరన్నకు సంగతి అర్థమైపోయింది.

"నిన్న ఎక్కించుకొచ్చింది నేనే భాయ్. చెప్పొద్దన్నది. చెప్పకుండ తప్పు చేసిన," అన్నాడు గేరు మారుస్తూ.

సిరాజుద్దీన్ ముందు సీట్లోంచి వెనక్కి చెయ్యి చాచి కూతురి పాదం పట్టుకుని, దిగేదాకా వదల్లేదు. దారిలో ఫోన్ ఒకసారి మోగింది. ఈ రోజు తొక్కాల్సింది సిద్ధంగా ఉందని యాప్ గుర్తు చేస్తోంది. ఫజిలత్ దాన్ని కొంగులో చుట్టి ఒడిలో దాచేసింది.

దవాఖానాలో రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి బయల్దేరబోతున్న డాక్టర్ సంగీత వాళ్లను చూసి ఆగింది. చిన్న వయసు, నవ్వు ముఖం. స్టెతస్కోపు మళ్లీ మెడలో వేసుకుంది.

"ఏమ్మా, ఎట్లున్నది?"

షబ్రీన్ నోరు తెరిచింది. ఫజిలత్ కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మంచిగ లేదు డాక్టరమ్మ," అంది. ఆ మాట అనడానికి ఆమె ముఖమంతా కష్టపడింది. "శానా రోజులసంది మంచిగ లేదు. మంచిగున్నదని మేమే అందరికి చెప్పుకుంట వచ్చినం. ఫోన్‌కు గూడ అట్లనే చెప్పినం. నువ్వు మా మాట నమ్మకు. నువ్వే చూడు."

సంగీతకు ఫోన్ సంగతి అర్థం కాలేదు కానీ, తల్లి గొంతు అర్థమైంది. షబ్రీన్‌ని బల్ల మీద పడుకోబెట్టింది. చల్లని జిగురు రాసి ఛాతీ మీద, చేతులకు, కాళ్లకు వైర్లు అంటించారు. ఈసీజీ మిషన్ గరగరమంటూ కాగితం కక్కడం మొదలుపెట్టింది. సంగీత ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంటూ తండ్రితో ఏదో మామూలు మాట అంటోంది. ఏ ఊరు, ఏం పని అని. మాట మధ్యలో ఆగింది. కాగితం చింపి పక్కన పెట్టి ఇంకోసారి తియ్యమంది. రెండో కాగితం మొదటిదాని పక్కన పెట్టుకుని చూసింది.

షబ్రీన్ తల ఎత్తబోయింది.

"లేవకు," అంది సంగీత. "కదలకు తల్లీ. ఉన్నకాడనే పండుకో."

సిరాజుద్దీన్ గోడకు ఆనుకున్నాడు. ఫజిలత్ మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆ గీతలు తనకు ఎలాగూ చదవరావని తెలిసీ కాగితంలోకి చూసి, ఆమె ముఖంలోకి చూసింది.

"ఎట్లున్నది డాక్టరమ్మ, నా బిడ్డకు?"

రోజుకు ఎంతమందినో సంగీతే అడిగే ప్రశ్న అది. ఆమె ఫజిలత్ భుజం పట్టుకుని పక్కకు జరిపి, నర్సును దగ్గరికి పిలిచింది. తలుపు వెయ్యమంది. ఐసీయూలోని, గుండెకు షాక్ ఇచ్చే మిషన్ వెంటనే ఇక్కడికి తెమ్మని, బల్ల మీది పిల్లకు వినబడకూడదని గొంతు బాగా తగ్గించి చెప్పింది.

షబ్రీన్‌కు వినబడింది.